పాత వైకుంఠ రథం మొదటి బండిగా కొనొచ్చా? ముందు ఫ్లోరు ఎత్తి చూడు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర పల్లెటూరు, 22 ఏళ్లు, లైసెన్సు వచ్చి ఐదు నెలలు. శ్రీకాకుళంలో ఒక సేవా సంస్థ వాళ్లు తమ శవ వాహనాన్ని, 2014 మోడల్ మారుతి ఈకోని, లక్షా ముప్పై వేలకు ఇస్తామంటున్నారు. మీటరు మీద 48 వేల కిలోమీటర్లే ఉన్నాయి. వెనక సీట్లు వేయించుకుని ఇంటి బండిగా వాడుకుందామని, ఎవరైనా అడిగితే మధ్యమధ్య శవాల కిరాయికి కూడా పంపుదామని నీ ఆలోచన. మీ అమ్మగారేమో ఆ బండి మన గుమ్మం ముందు ఆగడానికి వీల్లేదంటున్నారు.

నేను 1999లో విజయనగరంలో అంబులెన్సు డ్రైవరుగా చేరాను. 2007 నుంచి సొంతంగా శవ వాహనాలు నడుపుతున్నాను. ఇప్పటివరకు నాలుగు బండ్లు కొన్నాను, నాలుగూ పాతవే. అందుకే నీకు సూటిగా చెబుతున్నాను. శవ వాహనంగానే నడిపే ఉద్దేశం ఉంటే ఈ బండిని చూడు. ఇంటి బండి కావాలంటే ఇదే ధరకు ఒక పాత వ్యాగనార్ చూసుకో. రెండు పనులూ ఒకే బండితో చెయ్యాలనుకుంటే మాత్రం వద్దు, డబ్బులు పోతాయి, కేసుల్లో కూడా ఇరుక్కుంటావు.

ముందు సీ బుక్కు చూడు. అందులో వాహన తరగతి దగ్గర ఏం రాసుందో చూసేదాకా బయానా ఇవ్వొద్దు. బండి మీద శంఖు చక్రాలు, నామాలు వేసి ‘వైకుంఠ రథం’ అని రాసినంత మాత్రాన సీ బుక్కులో అలాగే ఉండదు. నేను చూసిన వాటిలో కొన్ని అంబులెన్సు అని ఉన్నాయి, కొన్ని మామూలు మోటారు కారు అనే ఉన్నాయి, లోపల సీట్లు పీకేసి స్ట్రెచర్ పెట్టారంతే. సరిగ్గా రిజిస్టర్ అయిన శవ వాహనమైతే ‘హియర్స్’ అని ఉంటుంది, నంబరు ప్లేటు పసుపు రంగులో ఉంటుంది. కేంద్రం ఇచ్చిన వాహనాల జాబితాలో శవ వాహనం ట్రాన్స్‌పోర్టు తరగతి కిందకే వస్తుంది. అంటే ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తప్పనిసరి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. నీ బండి 2014ది కాబట్టి ప్రతి సంవత్సరం బ్రేకినిస్పెక్టరు ముందు నిలబెట్టాల్సిందే.

ఈ తరగతికి ఒక మేలు ఉంది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం శవాన్నీ, దాని వెంట వెళ్లే బంధువులనూ తీసుకెళ్లడానికి మాత్రమే వాడే బండికి పర్మిట్ అక్కర్లేదు. ఆ ‘మాత్రమే’ అన్న మాటే ముఖ్యం. ఉదయం శవాన్ని దింపి, సాయంత్రం అదే బండిలో మీ బావగారి పెళ్లి సామాన్లు వేసుకొచ్చావంటే ఆ మినహాయింపు నీకు వర్తించదు. ఆ సమయంలో ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది కూడా అదే, బండి దేనికి తీసుకున్నావు, దేనికి వాడావు అని.

ఇక సీట్లు వేయించడం గురించి. అదే చట్టం 52వ సెక్షన్ ప్రకారం సీ బుక్కులో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. వెల్డింగ్ షాపులో నాలుగు యాంగిల్ ముక్కలు వేయించి, పాత సీటు బిగించి, అయిపోయిందనుకుంటే అది నిలవదు. పైగా అలా బిగించిన సీటు ప్రమాదంలో పట్టు ఊడిపోతుంది. కంపెనీ సీటు బోల్టులు దిగే చోట రేకు మందంగా, గట్టిగా ఉంటుంది, మన వెల్డింగ్ చుట్టూ ఉండేది పలుచటి రేకు. ఆ సీటులో కూర్చునేది మీ అమ్మగారే కదా. ట్రాన్స్‌పోర్టు నుంచి సొంత బండి తరగతికి మార్పించి, లైఫ్ ట్యాక్సు కట్టి, సీట్లు, బెల్టులు, లైనింగు, పెయింటు అన్నీ చేయించేసరికి లక్షా ముప్పైకి కొన్న బండి రెండు లక్షలు దాటిపోతుంది. అంతా చేశాక అమ్మబోతే కొనేవాడు పాత చరిత్ర తెలుసుకుని మళ్లీ లక్షే అంటాడు.

పేరు మార్పు విషయంలో నేను దెబ్బ తిన్నాను కాబట్టి వివరంగా చెబుతాను. 2011లో రెండో బండి, ఒక పాత టాటా ఏస్, మధ్యవర్తి ద్వారా కొన్నాను. పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాను, డబ్బులు ఇచ్చేశాను. అప్పు తీరిపోయిందని మధ్యవర్తి నోటిమాటగా చెప్పాడు, నమ్మాను. ఫైనాన్సు వాళ్లు అప్పు తీరిందని ఇచ్చే ఫారం 35 ఇవ్వనే లేదని ఆఫీసుకెళ్లాక తెలిసింది. మూడు వాయిదాలు బాకీ. బండి నా షెడ్డులో, పేరు అమ్మినవాడిది, హక్కు ఫైనాన్సుది. ఏడు నెలలు తిరిగి, ఆ వాయిదాలు కూడా నేనే కట్టి విడిపించుకున్నాను. ఇప్పుడు నీకు ఆ బాధ లేదు, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే అప్పు ఉందా, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉన్నాయి అన్నీ కనిపిస్తాయి. చలాన్లూ విడిగా చూసుకో. ట్యాక్సు, గ్రీన్ ట్యాక్సు బాకీలు ఉంటే అమ్మేవాళ్ల చేతే కట్టించు. మన రాష్ట్రంలోనే కొంటే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్న నువ్వు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో నీ పేరుకు మార్పించుకో. సేవా సంస్థ కాబట్టి సంతకం పెట్టే మనిషికి ఆ అధికారం ఇస్తూ వాళ్ల కమిటీ తీర్మానం కాపీ కూడా అడుగు. ఇది చాలామంది మరిచిపోతారు. తర్వాత కమిటీ మారితే కొత్తవాళ్లు మాకేం తెలియదంటారు.

పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి వచ్చిన ఓడీ (ఒడిశా) నంబరు బండి అయితే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మళ్లీ మన ట్యాక్సు, అదో తతంగం. మున్సిపాలిటీ వేలంలో వచ్చిన పాత బండి అని ఎవరైనా చూపిస్తే ఇంకా జాగ్రత్త. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ, మున్సిపల్ బండ్లకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు, తుక్కుకు వెళ్లాల్సిందే. అలాంటిది చవగ్గా వస్తుందని తీసుకుంటే అది రోడ్డెక్కదు.

నీ లైసెన్సుకు ఇబ్బంది లేదు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపడానికి ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. ట్రాన్స్‌పోర్టు బండి నడపడానికి 20 ఏళ్లు నిండాలి, నీకు నిండాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శవ వాహనం పాడయ్యేది ఇంజిన్ దగ్గర కాదు, ఫ్లోరు దగ్గర.

నేను 2007లో కొన్న మొదటి బండి ఓమ్ని. పైకి ముత్యంలా ఉంది. మూడు నెలలు నడిపాక వెనక తలుపు దగ్గర ఫ్లోరు మెత్తగా దిగుతున్నట్టు అనిపించి, షెడ్డులో రెక్సిన్ కోసి, కింద ప్లై చెక్క ఎత్తాం. చెక్క అడుగు నల్లగా నాని పొరలు పొరలుగా ఊడొచ్చింది. దాని కింద రేకు మడతల్లో గుప్పెడు పేలాలు, ఎండిన బంతి రేకులు, పసుపు కుంకుమ ముద్దలు, తుప్పు పట్టి అతుక్కుపోయిన రూపాయి బిళ్లలు. ఊరేగింపులో చల్లిన చిల్లరా పేలాలూ అంచుల సందుల్లోంచి జారి, నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలను మూసేశాయి. అప్పట్లో ఫ్రీజర్ బాక్సులు అంతగా లేవు, ఐసు దిమ్మలు పెట్టి, చల్లదనం పెరగాలని ఉప్పూ, తొందరగా కరగకుండా పొట్టూ చల్లేవాళ్లు. ఆ ఉప్పు నీళ్లన్నీ పోయే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే నిలిచాయి. మెకానిక్ స్క్రూడ్రైవరుతో పొడిస్తే చప్పుడు కూడా లేకుండా కిందకి దిగిపోయింది. ఆ రంధ్రంలోంచి నేల కనిపించింది. ఆ బండి మీద ఎంతమంది పెద్దవాళ్లను మోశానో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది, దారిలో ఆ ఫ్లోరు ఊడిపోయి ఉంటే ఆ కుటుంబానికి నేను ఏం ముఖం చూపించేవాణ్ణి?

కాబట్టి నువ్వు బండి చూడటానికి వెళ్లినప్పుడు ప్లై ఎత్తి చూపించమను. ఒప్పుకోకపోతే తిరిగి వచ్చెయ్. ఎత్తాక నాలుగు చోట్ల చూడు: వెనక చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే రేకు పక్కన, వెనక తలుపు గడప కింద, పక్క తలుపు జారే పట్టాలో, స్ట్రెచర్ పట్టాలు బిగించిన బోల్టుల చుట్టూ. మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి తీసుకెళ్లు. రేకుకు అంటుకోకపోతే అక్కడ పుట్టీ పెట్టారని అర్థం. పైకప్పు మీద గోపురం, మైకు, పూలదండల కొక్కేలు బిగించి ఉంటే ఆ బెజ్జాల్లోంచి వాన నీళ్లు దిగి ఉంటాయి, లోపలి లైనింగు మీద టీ మరకల్లాంటి గీతలు కనిపిస్తాయి. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో నిలిపిన బండి అయితే కింద సైలెన్సరు, బ్రేకు పైపులు కూడా తడిమి చూడు. 2018 అక్టోబరు తిత్లీ తుపానప్పుడు బండి ఎక్కడుందో కూడా అడుగు. నీళ్లలో మునిగిన బండైతే సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే చివరి మూరలో బురద గీత దొరుకుతుంది.

కోవిడ్ రోజుల్లో తిరిగిన బండి అయితే ఇంకొకటి. అప్పుడు ప్రతి ట్రిప్పు తర్వాత హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) పిచికారీ చేశాం. మందు పనిచేసింది, కానీ దాన్ని కాసేపు ఉంచి మంచినీళ్లతో కడగాలి. అలా కడగని బండ్లలో రేకు మీద గుంటలు పడ్డాయి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టింది. వెనక లైట్లు ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే అదే కారణం.

మీటరు మీద 48 వేలు చూసి సంబరపడకు. మన ఊళ్లలో ఇంటి నుంచి శ్మశానానికి కిలోమీటరున్నర ఉంటుంది. డప్పులు, బాణసంచా, దింపుడు కళ్లం అన్నీ కలిపి ఆ కిలోమీటరున్నరకు గంటన్నర పడుతుంది. అంతసేపూ బండి ఫస్టు గేరులో, సగం క్లచ్ మీద, మనిషి నడకతో సమానంగా పాకుతుంది. గాలి తగలక ఇంజిన్ వేడెక్కుతుంది. మీటరు మీద ఒకటిన్నరే పెరుగుతుంది. అందుకని క్లచ్ ఇలా పరీక్షించు: ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదులు. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతుంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. తర్వాత బండిని ఆన్‌లో పెట్టి ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టు. రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగాలి, ఆగాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి నీళ్లు చూడు, తుప్పు రంగులో ఉంటే ఉత్త కుళాయి నీళ్లు పోసి నడిపారని అర్థం. బ్యాటరీ, ఆల్టర్నేటరు కూడా చూపించు. మైకు, లైట్లు, ఫ్రీజర్ అన్నీ దాని మీదే నడిపి ఉంటారు. టైర్లు, అద్దాలు, హారన్ నీకు తెలిసిందే.

వాసన గురించి చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మధ్యాహ్నం ఎండలో అద్దాలన్నీ మూయించి గంటసేపు ఉంచి, వెనక తలుపు నువ్వే తెరిచి ముక్కు పెట్టు. అగరొత్తుల వాసన వస్తే పర్వాలేదు. కింద నుంచి కుళ్లు వాసన వస్తే అది రేకుది కాదు, చెక్కదీ స్పాంజిదీ. ఆ రెండూ కడిగితే పోవు, తీసి పారేయాలి. రేకును సబ్బునీళ్లతో బాగా తోమి, తర్వాత 1 శాతం హైపోక్లోరైట్ పూసి, పావుగంట ఉంచి, మంచినీళ్లతో కడిగి, తలుపులన్నీ తెరిచి ఎండబెట్టు. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉండాలి. బ్లీచింగ్ వేసిన చోట బాత్‌రూం యాసిడ్ మాత్రం పోయొద్దు, విషవాయువు వస్తుంది. తర్వాత ప్లై బదులు స్టీలు షీటు వేయించి, నీళ్లు పోయే దారి పెట్టించు. నా బండ్లన్నిటికీ ఇప్పుడు అదే ఉంది.

మీ అమ్మగారి మాట తీసిపారేయకు. శవం ఎదురొస్తే మంచి శకునమని మన పెద్దవాళ్లే అంటారు. అయినా అదే బండి ఇంటి ముందు ఆగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వీధిలో వాళ్లు పరుగున వచ్చి ‘ఎవరికేమైంది?’ అని అడుగుతారు. రోజూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఇంట్లో ఉండే ఆవిడ. నేను మొదట్లో ఇంటి ముందే పెట్టేవాణ్ణి. పక్కింట్లో ముసలాయన మంచం మీద ఉన్నాడు. ఆయన కిటికీలోంచి రోజూ ఈ బండినే చూస్తున్నాడని వాళ్ల కోడలు చెప్పేదాకా నాకు తట్టలేదు. మర్నాడే రోడ్డు పక్కన ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాను. నువ్వు కూడా బండి కన్నా ముందు అది నిలిపే చోటు చూసుకో. చోటు దొరికిందని చెబితే అమ్మగారు సగం ఒప్పుకుంటారు.

కిరాయిల సంగతి. ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండ్లు ఉచితంగా ఉన్నాయి, ఆ పని నీకు రాదు, రాకూడదు కూడా. పేదవాళ్లు అడిగితే ముందు ఆ సంగతి వాళ్లకు నువ్వే చెప్పు. నీకు వచ్చేవి విశాఖలో ప్రైవేటు ఆసుపత్రుల నుంచి, చెన్నై, హైదరాబాదు వలస వెళ్లి అక్కడ పోయినవాళ్లవి విమానాశ్రయం నుంచి, ఇంకా ఊళ్లలో ఇంటి నుంచి శ్మశానానికి. ఆసుపత్రి ఇచ్చిన మరణ పత్రం, పోలీసు కేసు ఉంటే పోస్టుమార్టం తర్వాత ఇచ్చిన కాగితం, రెండూ ఫోనులో ఫోటో తీసుకోకుండా బండి కదల్చకు.

ఇక నడపడం. ఇదే నాకు నీ గురించి ఎక్కువ టెన్షన్. ఐదు నెలల అనుభవంతో ఊళ్లో తిప్పడం వేరు, రాత్రి రెండింటికి విశాఖ నుంచి జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు వెళ్లడం వేరు. లారీల వెనక లైట్లు వెలగవు, మధ్యలో ఆవులు పడుకుని ఉంటాయి. వెనక బంధువులు ఏడుస్తుంటే ‘తొందరగా పోనీ’ అంటారు. వాళ్ల బాధ మన కాలు మీదకి వస్తుంది, యాక్సిలరేటరు నొక్కేస్తాం. ఒకసారి కవిటి దాటి ఉద్దానం ఊరికి ఒకాయన్ని తీసుకెళ్లాను. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకుని పోయాడు. ఆయన భార్య దారంతా ఆయన పాదాల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు చీకట్లో చూడలేదు. స్ట్రెచర్ జానెడు ముందుకు జారింది. ఆవిడ అరవలేదు, ‘మెల్లగా బాబూ, ఆయనకు నొప్పి’ అంది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఛాతీ, నడుము, కాళ్ల దగ్గర మూడు బెల్టులు వేయకుండా, స్ట్రెచర్ లాకు నా చేత్తో లాగి చూడకుండా బయలుదేరలేదు. బ్రేకు వేసేటప్పుడు వెనక నిండు కుండ ఉందనుకుని వెయ్యి. నదుల ఒడ్డున శ్మశానాలకు వెళ్లేటప్పుడు ఇసుకలోకి దింపకు, ఈకోకి తోసేది వెనక చక్రాలే, ఖాళీ బండి అక్కడే తిరుగుతూ కూరుకుపోతుంది. గట్టి నేల మీద ఆపి, అక్కడి నుంచి పాడె మీద తీసుకెళ్లమను.

కాబట్టి కొన్నా మొదటి ఆరు నెలలు రాత్రి ట్రిప్పులు, విశాఖ ట్రిప్పులు ఒప్పుకోకు. ఊరి నుంచి శ్మశానానికి మాత్రమే నడుపు. దూరానికి ఎవరైనా పిలిస్తే అనుభవం ఉన్న డ్రైవరును పెట్టి, పక్కన నువ్వు కూర్చుని చూడు.

ధర విషయం. సీ బుక్కులో హియర్స్ అని ఉండి, ఎఫ్‌సీ బతికి ఉండి, ఫ్లోరు గట్టిగా ఉంటే నేనైతే లక్షా పదిదాకా ఇస్తాను. ఫ్లోరు మార్చాల్సి వస్తే ఆ ఖర్చు తీసేసి మాట్లాడు. నా చివరి బండికి ఫ్లోరు, క్లచ్, వైరింగు కలిపి 41 వేలయింది. సీ బుక్కులో మోటారు కారు అని ఉంటే బేరమే ఆడకు, వచ్చెయ్.

ఆదివారం వెళ్లకు, కమిటీ వాళ్లు తొందరపెడతారు. పని రోజు మధ్యాహ్నం ఎండలో, నీకు తెలిసిన టింకరింగ్ మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లు. సీ బుక్కు రెండు వైపులా, ప్లై ఎత్తాక ఫ్లోరు ఫోటోలు తీసి ఇక్కడే పెట్టు. మేస్త్రీ స్క్రూడ్రైవరు పొడిచిన చోట దగ్గరగా తియ్యమను.